బోటు చూడటానికి వెళ్ళే ముందు

అమ్మలూ,

నువ్వు పాత మోటారు బోటు ఒకటి చూశావని, ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదని రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో భయం తెలుస్తూనే ఉంది. నాకు మాత్రం ముందు సంతోషమే వేసింది. మన ఇంట్లో నా తరవాత నీళ్ళ మీదికి వెళ్ళాలని అనుకున్నది నువ్వొక్కదానివే. అయితే ఫోన్ పెట్టేశాక ఎంతసేపు పడుకున్నా నిద్ర పట్టలేదు. అందుకే తెల్లారకముందే ఈ ఉత్తరం రాస్తూ కూర్చున్నాను.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. బోటు వెనక కుడివైపు పైభాగంలో హల్ నంబరు, అంటే బోటు గుర్తింపు నంబరు ఉంటుంది. అది కాగితాల్లోని నంబరుతో అక్షరం అక్షరం సరిపోవాలి. బోటును రోడ్డు మీద తీసుకెళ్ళే ట్రైలరు కూడా ఇస్తుంటే చక్రం పైకెత్తి తిప్పి బేరింగు చప్పుడు విను. స్టీరింగు రెండువైపులా చివరిదాకా తిప్పు. ఎక్కడా పట్టకూడదు.

ఇంజన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయించు. అక్కడికి వెళ్ళగానే మాటల్లో పడకు, ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా తగిలితే మొహమాటపడకుండా ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చెయ్యి. స్టార్టింగ్ ట్రబుల్ ఉంటే చల్లటి ఇంజన్‌లోనే బయటపడుతుంది. మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళి కంప్రెషన్ టెస్ట్ చేయించు, అంటే ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తోందో కొలిపించు. సిలిండర్లన్నిటి అంకెలూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఏ ఒక్కటైనా మిగతావాటికంటే 10 శాతానికి మించి తగ్గితే లోపల ఏదో అరిగిందనుకో. ఇంజన్ కింద, పంకా దగ్గరుండే గేర్ల పెట్టె (గేర్ కేసు) నుంచి కాస్త ఆయిల్ కూడా తీయించు. పాలు కలిపినట్టు తెల్లగా వస్తే సీలు పోయి లోపలికి నీళ్ళు చేరుతున్నాయన్నమాట. ఇవన్నీ డబ్బు పెడితే బాగయ్యేవే. ధర తగ్గించమని అడగొచ్చు.

నాకు నిద్ర పట్టనివ్వనిది ట్రాన్సమ్. అంటే బోటు వెనక గోడ. బయట తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజన్ బరువూ, అది నెట్టే జోరూ మొత్తం ఆ గోడే మోస్తుంది. పాత ఫైబర్ బోట్లలో చాలావాటికి ఆ గోడ లోపల ప్లైవుడ్ ఉంటుంది. పైన ఫైబర్ పొర నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల చెక్క మాత్రం కుళ్ళిపోతుంది. ఎవరో ఒక మరను సీలెంట్ పెట్టకుండా బిగిస్తారు. ఆ కంతలోంచి ఏళ్ళ తరబడి నీళ్ళు ఇంకుతూ పోతాయి.

నేను మొదటి బోటు కొన్నప్పుడు ఇవన్నీ తెలియక మోసపోలేదమ్మా. తెలిసే కొన్నాను. ఒక ముసలి మెకానిక్ చిన్న ప్లాస్టిక్ సుత్తి నా చేతికిచ్చి, వెనక గోడంతా అంగుళం అంగుళం కొట్టి చూడమన్నాడు. పైభాగమంతా టక్ టక్‌మని గట్టిగా మోగింది. కింద, నీళ్ళు వదిలే డ్రెయిన్ ప్లగ్ పక్కన కొట్టేసరికి చప్పుడు మారిపోయింది. తడి గోనెసంచి మీద కొట్టినట్టు దబ్‌మంది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే చప్పుడు. అమ్మే ఆయన కొత్తగా నీలం రంగు వేయించాడు, నాకు ఆ రంగు తెగ నచ్చేసింది. లోపల పొర మందంగా ఉందేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని, సుత్తి జేబులో పెట్టుకుని డబ్బు ఇచ్చేశాను.

నాలుగు నెలలు బాగానే నడిచింది. ఒకరోజు మీ నాన్నను ఎక్కించుకున్నాను. వాడికి ఈత రాదు, ఇప్పటికీ రాదు. వాడి ముందు గొప్ప కోసం వేగం పెంచే థ్రాటిల్ ఒక్కసారిగా చివరిదాకా నెట్టాను. వెనక ఫట్‌మని చప్పుడు. తిరిగి చూస్తే ఇంజన్ వెనక్కి వాలి ఉంది. గోడ మూలలో రెండు వేళ్ళు పట్టేంత పగులు తెరుచుకుని అందులోంచి నీళ్ళు వస్తున్నాయి. థ్రాటిల్ తగ్గించి మీ నాన్నను ముందుకు పొమ్మని అరిచాను. బరువు ముందుకు పోతే వెనక భాగం కొంచెం పైకి లేస్తుంది. లైఫ్ జాకెట్లు లంగరు తాడు కింద ఎక్కడో ఉన్నాయి. వాడు అడ్డుపలకను రెండు చేతులతో పట్టుకుని నా వైపే చూస్తున్నాడు. ఒక్క మాట అనలేదు. ఒడ్డు దగ్గరే కావడం వల్ల మోకాలి లోతులో బోటు ఇసుకకు తగిలింది. లేకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేను.

తరవాత ఆ గోడ విప్పించాను. చెక్క అన్న చోట నల్లటి పొట్టు ఉంది. గుప్పెట్లో పట్టి పిండితే నీళ్ళు కారాయి.

అందుకే ఈ ఒక్క పనీ నువ్వు స్వయంగా చెయ్యి, ఇంకొకరికి వదలకు. గోడంతా సుత్తితో కొట్టు. మూలలు, డ్రెయిన్ ప్లగ్ చుట్టూ, మరలు ఉన్న ప్రతి చోటా కొట్టు. అమ్మే మనిషిని అడిగి కిందివైపు మర ఒకటి విప్పించు. కంతలోంచి గోధుమరంగు నీరు వస్తే ఇంక చూడాల్సింది లేదు. ఇంజన్‌ను సగం పైకి లేపించి, దాని కింది భాగం మీద నువ్వు బరువు వేసి ఊపుతుంటే ఇంకొకరు గోడను గమనించాలి. గోడ కొంచెం కూడా కదలకూడదు. బోటు లోపల నేల మీద చెప్పుల్లేకుండా నడువు. ఎక్కడైనా మెత్తగా దిగితే అక్కడా చెక్క పోయినట్టే. చప్పుడు మారిన చోట మనసుకు సర్దిచెప్పకు. నీకంత బాగా నచ్చితే బోట్లు తనిఖీ చేసే సర్వేయర్‌ని పిలిపించు. ఆ ఫీజు నేను ఇస్తాను.

ఇంజన్ బయట ఉంటుందా లోపల ఉంటుందా అని అడిగితే మీ నాన్నకు తెలియలేదు. లోపల ఉంటే, పంకాను తిప్పే బయటి డ్రైవ్‌కీ గోడకీ మధ్య మడతలు మడతలుగా రబ్బరు గొట్టం ఉంటుంది, బెలోస్ అంటారు. ప్రతి మడతా విప్పదీసి టార్చి వేసి చూడు. అది చిరిగితే కట్టేసి ఉన్న బోటు కూడా రాత్రికి రాత్రే మునిగిపోతుంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, కాబట్టి బోటు అడుగునే పేరుకుంటుంది. ఇంజన్ గది మూత తెరవగానే ముందు వాసన చూడు. పెట్రోలు వాసన వస్తే స్టార్ట్ చేయనివ్వకు. ఆ ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్, బ్లోయర్, కనీసం 4 నిమిషాలు తిరిగాకే తాళం తిప్పాలి. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్, స్టార్టర్ మోటారు బోటు కోసం చేసినవేనా అని మెకానిక్‌ని అడుగు. కారువి పెడితే వాటి నిప్పురవ్వ ఆ ఆవిరికి అంటుకుంటుంది.

ఇంత భయపెట్టానని మానుకోకు. ఆ బోటును బాగుచేయించుకుని తొమ్మిదేళ్ళు నడిపాను. పొద్దున్నే నీళ్ళు కదలకుండా ఉన్నప్పుడు ఇంజన్ ఆపేసి ఊరికే కూర్చుంటే ఎలా ఉంటుందో నీకు తెలియాలని నాకూ ఉంది.

ఏ రోజు వెళుతున్నావో చెప్పు. పెందలాడే వెళదాం, అప్పటికి ఇంజన్ చల్లగా ఉంటుంది. ఆ సుత్తి ఇంకా నా దగ్గరే ఉంది, తెస్తాను. రెండు లైఫ్ జాకెట్లు కూడా తెస్తాను. మీ నాన్నను రమ్మని మాత్రం బలవంతపెట్టకు.

మీ పెదనాన్న