ప్రభుత్వ నిధులు ఎక్కువగా వస్తేనే పేద గ్రామం తన కాళ్లపై నిలబడుతుందా?

కాదు, నిధులు అవసరమే గానీ, వాటితో కట్టినదాన్ని ఎవరు నడపాలో, మరమ్మతు ఖర్చు ఎవరు భరించాలో ఊరు ముందే తేల్చుకున్నప్పుడే గ్రామం స్వయంసమృద్ధమవుతుంది. బయటివారు ఉచితంగా కట్టించి వెళ్లిన మంచినీటి ట్యాంకు మోటారు కాలిపోతే, వైండింగుకు డబ్బు ఎవరివ్వాలో తేలక నెలల తరబడి మూలన పడి ఉంటుంది. అదే ఇంటింటికీ వాటా వేసుకుని కట్టుకున్నదైతే, కమిటీ దగ్గర నెలనెలా వసూలైన నీటి రుసుము ఉంటుంది, దాని లెక్క అడిగే హక్కు ప్రతి ఇంటికీ ఉంటుంది.

వరంగల్ జిల్లా గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి ఇందుకు ఉదాహరణ. 1980ల తొలినాళ్లలోనే మద్యాన్ని నిషేధించుకున్న ఆ ఊరు, తాగునీరు, పారిశుద్ధ్యం వంటి ఒక్కో పనికి ఒక్కో కమిటీని ఏర్పరచుకుని, 2007లో పారిశుద్ధ్యానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నిర్మల్ గ్రామ పురస్కారం అందుకుంది.

ప్రజలే నడుపుకోవడమంటే ప్రభుత్వంతో పనిలేదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. శ్రమదానంతో కాలువ పూడిక తీయవచ్చు గానీ సబ్‌స్టేషన్ కట్టలేం. రోడ్డు, కరెంటు, బడికి ఉపాధ్యాయుడు ప్రభుత్వం నుంచే రావాలి, అవి అందేలా గ్రామసభలో నిలదీయడం కూడా ఆ కమిటీల పనే.