అయోవాలో కరోనా సాయం: ఒక ఫార్మ్‌కు 50 వేల డాలర్లు, పక్కదానికి 3 లక్షలు ఎలా?

అమెరికాలోని అయోవా రాష్ట్రం సూ కౌంటీలో పక్కపక్కనే, ఇంచుమించు సమానమైన భూమి ఉన్న రెండు ఫార్మ్‌లకు ఇంత తేడాగా డబ్బు రావడం మోసమా అని అడిగారు. ఆ అంకెలను బట్టి మోసం అనలేం. ఈ సాయం, అంటే కరోనా నష్టానికి అమెరికా వ్యవసాయ శాఖ రైతులకు రెండు విడతలుగా ఇచ్చిన సీఫ్యాప్, కేవలం భూమిని బట్టి లెక్కగట్టింది కాదు. ఎవరు ఏం పెంచారు, ఏ తేదీన చేతిలో ఎంత ఉంది అన్నదే లెక్క.

ముందు మొక్కజొన్న చూడండి. 500 ఎకరాలు, ఎకరానికి 200 బుషెల్స్ (ధాన్యానికి అమెరికాలో వాడే కొలత) అనుకుందాం. మొదటి విడతలో 2019 పంటలో సగం, లేదా 2020 జనవరి 15 నాటికి ధర ఖాయం కాకుండా గిడ్డంగిలో ఉన్న సరుకు, ఏది తక్కువైతే దానికి బుషెల్‌కు సగటున 33.5 సెంట్లు. 50 వేల బుషెల్స్‌కు 16,750 డాలర్లు. డిసెంబర్‌లోనే అమ్మేసినవాళ్లకు ఈ విడతలో సున్నా. రెండో విడతకు 2020 ఎకరాలు, బీమా రికార్డులోని దిగుబడి, అందులో 40 శాతం, బుషెల్‌కు 58 సెంట్లు: 23,200. బీమా దిగుబడి లేకపోతే కౌంటీ ప్రామాణిక దిగుబడిలో 85 శాతమే పట్టుకున్నారు. 2021లో ఎకరానికి మరో 20 డాలర్ల చొప్పున 10 వేలు. మొత్తం 49,950.

ఇప్పుడు పశువులు. 2020 జనవరి 15, ఏప్రిల్ 15 మధ్య బలిసిన పశువులను కోతకు అమ్మితే తలకు 214 డాలర్లు. వెయ్యి తలలకు 2,14,000. ఏప్రిల్ 16, మే 14 మధ్య ఎక్కువ పశువులున్న రోజును రైతే ఎంచుకునే వీలుంది, ఆ రోజు చేతిలో ఉన్నవాటికి తలకు 33. రెండో విడతలో ఆ గడువు ఆగస్టు 31 దాకా, తలకు 55, కానీ సంతతి కోసం ఉంచుకున్నవి లెక్కలోకి రాలేదు. ప్రతిసారీ వెయ్యే ఉన్నాయనుకున్నా ఈ మూడూ కలిపి 3,02,000 డాలర్లు అయింది. జనవరి 10న అమ్మినవాళ్లకు 214 దక్కలేదు. తేదీ దెబ్బ అంటే ఇదే, నా దృష్టిలో ఈ పథకంలో అసలు అన్యాయం కూడా ఇదే.

పరిమితి ఒక్కో విడతకు మనిషికి 2.5 లక్షలు. ముగ్గురు వాటాదారులు ఒక్కొక్కరు 400 గంటల పని లేదా నిర్వహణ చూపిస్తే కంపెనీకి 7.5 లక్షల దాకా వెళ్లేది. ప్రభుత్వం బయటపెట్టే చెల్లింపుల జాబితాలో ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పేరు పక్కన పెద్ద అంకె కనిపిస్తే కారణం చాలాసార్లు ఇదే.

జాబితా చదివేటప్పుడు ఇంకో తప్పు జరుగుతుంది. ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది, కాబట్టి రెండో విడత చెల్లింపులు ఎక్కువగా 2021 ఖాతాలో కనిపిస్తాయి. మొదటి విడతలోనూ ముందు 80 శాతం ఇచ్చి మిగతాది తర్వాత పంపారు. పీపీపీ (చిన్న వ్యాపారాలకు ఇచ్చిన కరోనా రుణం) వేరే శాఖది, ఇందులో ఉండదు.

మనవాళ్లు రైతుబంధుతో పోల్చి పొరబడుతుంటారు. అక్కడ డబ్బు పట్టాదారుకు వెళ్లేది. ఇక్కడ ధర రిస్క్ మోసినవాళ్లకే: నగదు కౌలైతే కౌలుదారుకు, పంట వాటా కౌలైతే ఇద్దరికీ వాటా ప్రకారం. కంపెనీ పందులను కూలికి పెంచే షెడ్ యజమానికి మొదట్లో ఏమీ రాలేదు. 2021 ఆగస్టులో నియమం మార్చాకే, ఆదాయం పడిపోయిన మేరకు 80 శాతం దాకా దారి దొరికింది.

నిజంగా అనుమానించాల్సింది పశువుల సంఖ్య విషయంలో. దరఖాస్తు రోజు కాగితాలు అడగలేదు, రైతు సంతకమే ఆధారం. రసీదులు తర్వాతి తనిఖీలో, అదీ కొందరి దగ్గరే అడిగారు. బయటివాళ్లకు అందేది పేరు, మొత్తం వంటి చెల్లింపు వివరాలే. ఉత్పత్తి వివరాలను 2008 ఫార్మ్ బిల్లు (అమెరికా వ్యవసాయ చట్టం) సెక్షన్ 1619 గోప్యంగా ఉంచుతుంది. పశువులు లేని కొట్టాన్ని నిండుగా చూపించారని మీకు గట్టిగా తెలిస్తే, యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు హాట్‌లైన్‌కు తేదీలతో రాయండి.