వాకిట్లో క్యారవాన్‌కు కరెంటు లైన్: సాకెట్ కన్నా ముందు ఎర్తింగ్ చూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా: ఇల్లు దేవరకొండ దగ్గర. ట్రావెలర్ బండిని క్యారవాన్ చేయించుకున్నరు. లోపల టన్ను ఇన్వర్టర్ ఏసీ, చిన్న ఫ్రిజ్, ఇండక్షన్ స్టవ్, బ్యాటరీ ఛార్జర్. బండి ఉండేది రేకుల షెడ్డులో, మీటరుకు 25 మీటర్ల దూరం. వరండాలో ఉన్న 16 ఆంప్స్ సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి వాడుతున్నరు. ఏసీ, స్టవ్ కలిపి వేస్తే ప్లగ్గు కాలుతున్నది. డోర్ హ్యాండిల్ పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటున్నది. 32 ఆంప్స్ సాకెట్ పెట్టిస్తే సరిపోతదా అని అడిగిన్రు.

సరిపోదు అన్నా. ప్లగ్గు కాలుడు చిన్న సంగతి, ముందు ఆ జివ్వుమనుడు చూడాలె. ఛార్జర్, ఏసీ బోర్డు లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటయి. అవి ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి కలిసి ఉంటయి. ఎర్త్ వైరు తెగినా, అసలు ఎర్తింగే లేకున్నా బండి బాడీ మొత్తం సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని వదిలేస్తది. కానీ రేపు ఎక్కడన్నా వైరు ఒరుసుకొని ఫేజ్ నేరుగా బాడీకి తగిలినా ముందుగా తెలిసేది ఏమీ లేదు. టైర్లు రబ్బరువి, కరెంటు భూమిలోకి పోయే దారి మనిషే. తడి నేల మీద ఒట్టి కాళ్లతో నిలబడి తలుపు పట్టుకున్నోడి మీదుగా పోతది. కాబట్టి ఎర్త్ సరిచేసేదాకా ఆ ఎక్స్‌టెన్షన్ పీకేయండి.

ఎంసీబీ (కరెంటు రేటింగ్ దాటితే తానే ఆగిపోయే స్విచ్) ఉంది కదా, పడిపోతది కదా అని చాలా మంది ఎలక్ట్రీషియన్లు కూడా అంటరు. లెక్క చూడండి. మన దగ్గర ఎర్ర మొరం, కింద రాయి. ఎండాకాలం మామూలు ఎర్త్ గుంతకు 20 ఓమ్స్ రెసిస్టెన్స్ రావడం వింతేమీ కాదు. ఫేజ్ బాడీకి తగిలితే 230ని 20తో భాగిస్తే 11.5 ఆంప్స్. 20 ఆంప్స్ ఎంసీబీ దాన్ని మామూలు లోడే అనుకొని ఊరుకుంటది, బాడీ మీద కరెంటు అట్లనే ఉంటది. లీకేజీని పట్టే స్విచ్, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, పెట్టాలనేది అందుకే. పోయిన కరెంటుకు, తిరిగొచ్చిన కరెంటుకు తేడా అంత వస్తే చాలు, 0.3 సెకన్ల లోపు కొట్టేస్తది. షాపుల ఎక్కువగా 'AC' టైప్ ఆర్‌సీసీబీ ఇస్తరు (ఇది కూలింగ్ ఏసీ కాదు, ఆర్‌సీసీబీ రకం పేరు). ఇన్వర్టర్ ఏసీ, ఛార్జర్ ఉన్న బండికి 'A' టైప్ అని అడిగి తీసుకోండి, ఆ సామాన్ల లీకేజీని అదే సరిగ్గా పట్టుకుంటది.

ఇప్పుడు లోడు. ఏసీ 1100 వాట్లు అంటే 4.8 ఆంప్స్. ఇండక్షన్ ఫుల్లుగా 2000 వాట్లు, 8.7. ఛార్జర్ 500 వాట్లు, 2.2. ఫ్రిజ్ అర ఆంప్. మొత్తం 16 దాటింది. వరండా సాకెట్ అంచున నడుస్తున్నదన్న మాట. పిన్ను వదులై కాంటాక్టులో 0.1 ఓమ్ పెరిగినా 16 ఆంప్స్ దగ్గర ఆ ఒక్క చోటే 25 వాట్ల వేడి పుడతది. ప్లగ్గు నల్లబడేది దాంతోనే. పైగా బజారు ఎక్స్‌టెన్షన్లలో చాలా వాటికి 1.5 స్క్వేర్ ఎం.ఎం. మించి వైరుండదు. 25 మీటర్లకు 10 వోల్టులకు పైగా అక్కడే పడిపోతయి. సాయంత్రం పూట ఊర్లల్ల వోల్టేజీ ముందే తక్కువ, దాని మీద ఇదొకటి.

లైన్ ఇట్లా తీయించండి. మెయిన్ స్విచ్ దాటిన వెంటనే, ఇంటి ఇన్వర్టర్‌కు పోయే వైరింగ్ కన్నా ముందే, విడిగా ఫేజ్, విడిగా న్యూట్రల్ తీసుకొని చిన్న డీబీ (ఎంసీబీలు బిగించే) బాక్సు పెట్టించండి. అందులో 25 ఆంప్స్ డబుల్ పోల్ (ఫేజ్, న్యూట్రల్ రెండూ ఆపే) ఎంసీబీ, సీ కర్వ్ (కంప్రెసర్ స్టార్టింగ్ కరెంటుకు ఊరికే పడని రకం). దాని తర్వాత 40 ఆంప్స్, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ. ఆర్‌సీసీబీ దాటినంక ఇంటి ఇన్వర్టర్ న్యూట్రల్, ఈ లైన్ న్యూట్రల్ ఎక్కడ కలిసినా అది ఊరికే పడుతది. అప్పుడు ఎవరో వచ్చి ఇది పాడైందని తీసేసి నేరుగా కలిపి పోతరు. పాడైంది ఆర్‌సీసీబీ కాదు, వైరింగ్. ఈ బాక్సు ఇంట్లనే ఉండాలె. ఎంసీబీ రేటింగ్ 30 డిగ్రీలకు లెక్కగట్టింది, మే నెల రేకుల షెడ్డు వేడికి ముందే పడుతుంటది. మీటరు సీలు మాత్రం ముట్టొద్దు, అది ఎస్పీడీసీఎల్ (కరెంటు కంపెనీ) వాళ్ల పని.

కేబుల్ కనీసం 4 స్క్వేర్ ఎం.ఎం. కాపర్. నన్నడిగితే 6 వేయించండి. 16 ఆంప్స్ మీద 4కు సుమారు 4 వోల్టులు, 6కు 2.6 వోల్టులు పడిపోతయి. తేడా చిన్నదే, కానీ రేపు బండిలో గీజర్ పెట్టాలనుకుంటే మళ్లీ తవ్వే పని ఉండదు. షాపులో కాపర్ ఆర్మర్డ్ కేబుల్ దొరక్క అల్యూమినియం ఇస్తే 10 స్క్వేర్ తీసుకోండి, 6 కాపర్‌తో సమానం. కాకపోతే చివర్లకు బైమెటాలిక్ (ఒకవైపు అల్యూమినియం, ఒకవైపు కాపర్) లగ్గులు క్రింప్ చేయించాలె, అల్యూమినియం తీగను నేరుగా ఎంసీబీలో బిగిస్తే కొన్నాళ్లకు వదులై కాలుతది. భూమిలో రెండున్నర అడుగుల లోతు, కింద మీద ఇసుక, పైన ఇటుకలు. బండి దాటే చోట జీఐ పైపులోంచి తీయాలె. అడుగు లోతుకే రాయి తగిలితే తవ్వుడు మానేసి కాంపౌండ్ గోడ వెంట హెవీ పైపులో తెచ్చుకోండి. ఉడుతలు, ఎలుకలు ఉన్న చోట పైపు మూతులు మూసేయాలె.

షెడ్డులో పెట్టాల్సింది బ్లూ కలర్ మూడు పిన్నుల ఇండస్ట్రియల్ సాకెట్, 32 ఆంప్స్, ఐపీ44 (నీటి చినుకులు లోపలికి పోని రకం), మూత ఉన్నది. నేల నుంచి నాలుగడుగుల ఎత్తు, కేబుల్ కింది నుంచే లోపలికి పోవాలె. బండికి మగ ఇన్‌లెట్, వైరుకు ఒకవైపు మగ ప్లగ్గు, ఇంకోవైపు ఆడ కనెక్టర్. ఇన్‌లెట్‌కు బదులు బండికి కూడా సాకెట్ బిగించి రెండు వైపులా మగ ప్లగ్గులున్న వైరు చేసిస్తరు కొందరు. ఒక వైపు గుచ్చితే రెండో వైపు పిన్నుల మీద 230 వోల్టులు బయటికి కనపడుతయి. అది ఇంట్లో ఉంచుకునే సామాను కాదు. వైరు 4 స్క్వేర్ మూడు కోర్ల ఫ్లెక్సిబుల్, రబ్బరు తొడుగుది, 10 మీటర్లు చాలు. పీవీసీ తొడుగు మన ఎండకు పగులుతది. మిగిలిన వైరును చుట్ట చుట్టి పెట్టొద్దు, లోడు మీద చుట్ట లోపలే వేడెక్కి కరుగుతది.

ఎర్తింగ్ షెడ్డు దగ్గరే కొత్తగా వేయించి, దాన్ని ఇంటి ఎర్త్‌తో కలపండి. మూడు మీటర్ల కాపర్ బాండెడ్ రాడ్, చుట్టూ బెంటొనైట్ పౌడర్. లేదంటే రెండున్నర మీటర్ల జీఐ పైపు, బొగ్గు, ఉప్పు. రాయి వల్ల రాడ్ దిగకపోతే జీఐ పట్టీని కందకంలో పొడుగ్గా పడుకోబెట్టి పరవొచ్చు. ఎండాకాలం గుంతలో నీళ్లు పోస్తుండాలె. బోరు కేసింగ్‌కు క్లాంపు కట్టి ఎర్త్ అనిపించుకోవద్దు. ఈ మధ్య బోర్లకు ఎక్కువగా వేసేది పీవీసీ కేసింగే, క్లాంపు పట్టుకున్నది ప్లాస్టిక్కును. స్తంభం దగ్గర న్యూట్రల్ పోయినప్పుడు ఎర్త్‌నే న్యూట్రల్‌గా వాడే అలవాటు ఇంట్లో ఎవరికన్నా ఉంటే మాన్పించండి. అట్లా చేస్తే మీ బండి బాడీ మీదికి ఇంటి లోడు వోల్టేజీ వచ్చి కూర్చుంటది.

ఎర్త్ ఎంత బాగుందో మెగ్గర్ (ఎర్త్ కొలిచే మీటరు) లేకున్నా అంచనా కట్టొచ్చు. ఆర్‌సీసీబీకి ముందు వైపు ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య పాతకాలం 100 వాట్ల బల్బు వెలిగించాలె, ఎల్‌ఈడీ పనికిరాదు. అది 0.43 ఆంప్స్ లాగుతది. ఆ టైంలో న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య మల్టీమీటర్ పెడితే 2 వోల్టులు వస్తే సుమారు 5 ఓమ్స్, 20 వస్తే 50 ఓమ్స్. ఎర్త్ బాగలేకపోతే ఆ టైంలో ఎర్త్‌కు కలిసినవన్నీ కరెంటుతో ఉంటయి. కాబట్టి బండి ప్లగ్గు పీకి, బండినీ ఇంట్లో సామాన్లనూ ఎవరూ ముట్టకుండా చూసి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. అదే బల్బును ఆర్‌సీసీబీ తర్వాత పెడితే అది వెంటనే పడిపోవాలె. పడకపోతే ఆర్‌సీసీబీ కానీ ఎర్త్ కానీ పనిచేస్తలేదు.

బండి లోపల ఇన్‌లెట్ దాటగానే ఇంకో డబుల్ పోల్ ఎంసీబీ, ఆర్‌సీసీబీ. ఛాసిస్‌కు 6 స్క్వేర్ గ్రీన్ వైరు, పెయింట్ గీకి, రింగ్ లగ్గు, స్టార్ వాషర్‌తో బిగించాలె. బండి ఇన్వర్టర్ అవుట్‌పుట్, బయటి కరెంటు ఎప్పుడూ కలవకుండా చేంజ్‌ఓవర్ ఉండాలె. కొన్ని ఇన్వర్టర్లలో న్యూట్రల్, ఎర్త్ లోపలే కలిపి ఉంటయి. ప్లగ్గు గుచ్చగానే ఆర్‌సీసీబీ పడుతుంటే మొదట అనుమానించాల్సింది దాన్నే. ఫ్రిజ్ తర్వాత.

ఇంకొకటి, ఓవర్ అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ డీబీలోనే పెట్టించండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే సింగిల్ ఫేజ్ ఇండ్లల్లకు 400 వోల్టుల దాకా రావొచ్చు. స్టెబిలైజర్ దానికి ఆగదు. కింద 175, పైన 265, తిరిగి కలిసేందుకు మూడు నిమిషాల ఆలస్యం పెట్టుకుంటే కంప్రెసర్‌కు కూడా మంచిది.

అంతా అయినంక సాకెట్ దగ్గర కొలవండి. ఫేజ్‌కు న్యూట్రల్‌కు ఎంతుందో ఫేజ్‌కు ఎర్త్‌కు కూడా దాదాపు అంతే ఉండాలె. లోడు మీద న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు మించొద్దు. బండి కలిపి ఉన్నప్పుడు బాడీ నుంచి ఫేజ్‌కు, న్యూట్రల్‌కు రెండింటికీ సగం సగం చూపిస్తే ఎర్త్ తెగి ఉన్నట్టు. ఏసీ, స్టవ్ ఒక గంట కలిపి నడిపి, ఎంసీబీ ఆపి, ప్లగ్గు పీకి పిన్నులు చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే స్క్రూలు మళ్లీ బిగించాలె. రోజూ కలిపేటప్పుడు ఎంసీబీ ఆపి, ముందు బండి వైపు, తర్వాత గోడ వైపు గుచ్చి, ఆపైన ఆన్ చేయండి. తీసేటప్పుడు ముందు ఎంసీబీ ఆపి, గోడ వైపు నుంచి. ఉరుముల వాన వచ్చే ముందు పూర్తిగా పీకేయండి.

బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ కూడా చూసుకోండి. 1 లేదా 2 కిలోవాట్లే ఉంటే ఇంటి లోడుకు ఈ బండి కలిసి దాటుతది, లోడు పెంచమని ఎస్పీడీసీఎల్‌కు అప్లై చేయాలె. గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్న ఇల్లయితే ఏసీతో జాగ్రత్త: రాత్రికి 8 గంటలు నడిపితే నెలకు 150 యూనిట్ల పైన అదే తాగుతది. 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే, పైన దాటిన యూనిట్లకే కాదు.