డాక్టరమ్మ జవాబులు: నల్లదుమ్ము, కాయిల్ పొగ, అర్ధరాత్రి వాసన

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మాది విశాఖలో పోర్టు దగ్గరి జ్ఞానాపురం. పొద్దున తుడిచిన గచ్చు సాయంత్రానికి నల్లబడిపోతుంది. ఆరేసిన బట్టల మీద, తులసికోట మీద, మూత పెట్టడం మరిచిపోతే బిందెలో నీళ్ల మీద కూడా అదే మసి. మా ఆరేళ్ల బాబుకి చలికాలం వస్తే రాత్రిళ్లు పిల్లికూతలు. డాక్టరు ఇన్‌హేలర్ రాశారు గానీ అలవాటైపోతుందని మా అత్తగారు వాడనివ్వడం లేదు. ఎయిర్ ప్యూరిఫయర్ కొనమని ఆడపడుచు అంటోంది. మా ఆయన జీతానికి అది పెద్ద ఖర్చు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు బాబు సంగతి చూద్దామమ్మా. ఇన్‌హేలర్ వ్యసనం కాదు. మాత్రగానో సిరప్‌గానో ఇస్తే మందు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. ఇన్‌హేలర్‌లో అయితే చాలా తక్కువ మోతాదు నేరుగా ఊపిరితిత్తులకి చేరుతుంది. మీ అత్తగారికి ఈ మాట నేను చెప్పానని చెప్పండి. ఆరేళ్ల పిల్లాడు ఇన్‌హేలర్ నొక్కడం, మందు పీల్చడం ఒకేసారి చెయ్యలేడు కాబట్టి స్పేసర్ అనే గొట్టం తప్పకుండా తగిలించాలి. రోజూ వాడమని రాసిన మందైతే పిల్లికూతలు తగ్గాయి కదా అని మీ అంతట మీరు ఆపొద్దు. వాడిన ప్రతిసారీ నోరు పుక్కిలించమనండి. ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, ఆయాసంతో మాట పూర్తి చెయ్యలేకపోతున్నా తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

ఇక దుమ్ము. మీ గచ్చు మీద కంటికి కనబడే నల్లటి రేణువులు పెద్దవి. వాటిలో ఎక్కువ భాగం ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. లోతుగా వెళ్లేవి కంటికి ఆనవు. వాటినే పీఎం 2.5 అంటారు, అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాలు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తల వెంట్రుక మందం వాటికి ఇంచుమించు ముప్పై రెట్లు ఉంటుంది. బొగ్గు, ఖనిజాల దుమ్ముతో పాటు లారీల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, ఫ్యాక్టరీల పొగ అన్నీ కలిసి అవి తయారవుతాయి. అందుకని గచ్చు తెల్లగా ఉంది కాబట్టి గాలి బాగుంది అనుకోకూడదు.

మీరు డబ్బు ఖర్చు పెట్టే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. తెల్ల పింగాణీ పళ్లేలు ఇంట్లో ఒక్కో కిటికీకి రెండేసి తీసుకోండి. వాటికి పల్చగా వేజలైన్ రాసి ఒక్కో కిటికీ గట్టు మీద ఒక్కోటి పెట్టండి. రాత్రికి ఒకటి, పగటికి ఒకటి. ఉదయం, సాయంత్రం పక్కపక్కన పెట్టి చూస్తే ఏ కిటికీలోంచి, ఏ పూట ఎక్కువ వస్తోందో తెలిసిపోతుంది. మన ఊళ్లో పగలు సముద్రం మీంచి గాలి వస్తుంది, రాత్రి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. అందుకే ఒకే ఇంట్లో ఒక గది పగలు, ఇంకో గది రాత్రి నల్లబడుతుంటాయి. తక్కువ నల్లబడే గదిలో బాబుని పడుకోబెట్టండి. ఎక్కువ వచ్చే కిటికీని ఆ పూట మూసి ఉంచి, మిగతా పూట బార్లా తెరవండి. సన్నని కణాలు ఈ పళ్లేనికి చిక్కవు గానీ, దుమ్ము వచ్చే దిక్కు తెలియడానికి ఇది చాలు.

చీపురుతో పొడిగా ఊడవడం ఈ రోజు నుంచే మానెయ్యండి. కింద పడిన దుమ్మంతా మళ్లీ లేచి, గచ్చు మీద ఆడుకునే పిల్లాడి ముక్కు దగ్గరికే వస్తుంది. తడిగుడ్డ పెట్టండి, నీళ్లు మారుస్తూ తుడవండి. బాబు బడి నుంచి రాగానే, అన్నానికి ముందు చేతులు కడగాలి. మూతికి చేతిరుమాలు కడితే ఈ సన్నని కణాలు ఆగవు. బాగా మసి ఉన్న రోజు బయటికెళ్లే పెద్దవాళ్లు మొహానికి బిగుతుగా అతికే ఎన్95 మాస్కు పెట్టుకోవాలి.

చలికాలంలో ఎందుకు ఎక్కువంటే, మన ఊరు కైలాసగిరి, యారాడ కొండల మధ్య గిన్నెలా ఉంటుంది. చలి రాత్రుల్లో నేల దగ్గరి గాలి చల్లబడి కదలకుండా ఉండిపోతుంది. పొగ, దుమ్ము పైకి పోలేక ఆ గిన్నెలోనే నిలిచిపోతాయి. డిసెంబర్, జనవరిలో తెల్లవారుజామున వాకింగ్‌కి వెళ్లే పెద్దవాళ్లకి కూడా చెబుతున్నాను, ఎండ బాగా వచ్చాక వెళ్లండి.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల 'సమీర్' యాప్‌లో మన ఊరి గాలి నాణ్యత సూచీ చూడొచ్చు. కానీ అందులో 'సంతృప్తికరం' అని వస్తే నిశ్చింతగా ఉండిపోకండి. మన దేశంలో పీఎం 2.5కి 24 గంటల హద్దు ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది 15. పిల్లికూతలున్న పిల్లాడికి ఈ రెండింటి మధ్య చాలా తేడా ఉంటుంది.

ప్యూరిఫయర్ విషయానికొస్తే, సన్నని కణాల్ని పట్టే హెపా ఫిల్టర్ ఉన్నది తలుపులు మూసిన ఒక్క గదిలో పని చేస్తుంది. పైవన్నీ చేశాక డబ్బు మిగిలితే అప్పుడు ఆలోచించండి. ఓజోన్ వదిలే రకాలు మాత్రం వద్దు, అది ఊపిరితిత్తులకి హాని చేస్తుంది.

అయినా ఈ దుమ్ముని ఆపాల్సింది మీరు కాదమ్మా. పోర్టులో బొగ్గు గుట్టల మీద నీళ్లు చల్లడం, లారీలకి టార్పాలిన్ కట్టడం ఆ సరుకు దింపుకునేవాళ్ల పని. మీ పళ్లేలకి తేదీలు రాసి ఫొటోలు తీసి, వీధిలో నలుగురితో సంతకాలు పెట్టించి కాలుష్య నియంత్రణ మండలి విశాఖ కార్యాలయంలో ఇవ్వండి, రసీదు తీసుకోండి. తేదీతో ఫొటో ఉంటే అర్జీని పక్కన పెట్టడం అంత సులువు కాదు.

ప్రశ్న: మేడమ్, పాప పుట్టి నెల్లాళ్లయింది. కంచరపాలెంలో ఉంటాం. దోమల భయానికి రాత్రి కిటికీలు మూసి కాయిల్ వెలిగిస్తున్నాం. పాపకి మంచిదేనా?

జవాబు: మంచిది కాదు. ఈ రాత్రి నుంచే ఆపెయ్యండి. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నని కణాలు 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని పరిశోధకులు కొలిచారు. మూసిన గదిలో ఆ పొగ అంతా మీ ముగ్గురే పీలుస్తారు. పాపకి దోమతెర కట్టి, అంచులు పరుపు కిందకి దోపండి. కిటికీలకి మెష్ కొట్టించుకుంటే గాలీ ఆడుతుంది.

డెంగీ దోమ పగలు కుడుతుంది, కాబట్టి పాప పగటి నిద్రకీ దోమతెర ఉండాలి. నీళ్ల డ్రమ్ము, ఫ్రిజ్ వెనక ట్రే, మొక్కల కుండీల కింద పళ్లేలు వారానికోసారి ఖాళీ చెయ్యాలి. ఊరికే ఒంపేస్తే చాలదు. ఈ దోమ గుడ్లు డ్రమ్ము లోపలి గోడకి, నీటి మట్టానికి కాస్త పైన, నల్లటి గీతలా అంటుకుని ఉంటాయి. నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కొబ్బరి పీచుతో ఆ గోడని గట్టిగా రుద్ది కడగండి. నిల్వ నీళ్లు ఖాళీ చేసే రోజుగా శుక్రవారం 'డ్రై డే' పెట్టింది ఇందుకే.

ప్రశ్న: బాత్రూమ్ మరకలకి బ్లీచింగ్ పౌడర్ చల్లి, పైన యాసిడ్ పోస్తే బాగా పోతాయని మా పనమ్మాయి అంటుంది. నిన్న అలా చేసి దగ్గుతో బయటికి పరుగెత్తుకొచ్చింది. (ఎంవీపీ కాలనీ)

జవాబు: ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. ఎప్పుడూ కలపొద్దు. ఆ అమ్మాయికి దగ్గు, ఛాతీ బిగుతు తగ్గకపోతే మీరే దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంకనుంచి ఏదో ఒక్కటే వాడనివ్వండి, తలుపు తీసి ఉంచమనండి.

ప్రశ్న: గోపాలపట్నంలో ఉంటున్నాం. 2020 తర్వాత రాత్రి ఏ చిన్న ఘాటు వాసన వచ్చినా ఇంటిల్లిపాదికీ టెన్షనే. నిజంగా మళ్లీ అలాంటిది జరిగితే ఏం చెయ్యాలి?

జవాబు: మీ టెన్షన్ సహజం. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరి కమ్మేసినప్పుడు 12 మంది పోయారు. పరుగెడుతూ రోడ్డు మీదే కూలిపోయిన వాళ్లున్నారు. ఆ రాత్రి సైరన్ మోగించలేదని ప్రభుత్వ హైపవర్ కమిటీయే తేల్చింది. కాబట్టి సైరన్ కోసం చూడకండి. వాసన ఘాటుగా ఉండి కళ్లు మండుతుంటే అదే సైరన్ అనుకోండి.

గాలి ఎటు వీస్తోందో జెండానో, చెట్టు కొమ్మలనో చూసి, దానికి అడ్డంగా పక్కకి వెళ్లండి. వాయువు వస్తున్న వైపు వెళ్లొద్దు, గాలి వాలున దానితో పాటే పరుగెత్తొద్దు. స్టైరీన్, క్లోరిన్ గాలికన్నా బరువైనవి, పల్లంలో నిలుస్తాయి. కాలవ గట్లూ లోతట్టు వీధులూ వదిలి మెరక పట్టుకోండి. తడిగుడ్డ ముక్కుకి పెట్టుకుంటే అమ్మోనియా, క్లోరిన్ కొంత ఆగుతాయి, స్టైరీన్‌కి అది పెద్దగా పనికిరాదు. బయటికి పోయే దారే లేకపోతే పై అంతస్తుకెళ్లి తలుపులు మూసి, సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కి, ఏసీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపి సాయం కోసం ఫోన్ చెయ్యండి.

ఇవన్నీ ఆ రాత్రి ఆలోచించే పనులు కావు. ఈ ఆదివారమే ఇంట్లోవాళ్లంతా కూర్చుని రెండు దారులు ఖాయం చేసుకోండి. పెద్దవాళ్లని ఎవరు పట్టుకుంటారు, ఎక్కడ కలుసుకుంటారు అన్నది తేల్చుకోండి. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ఏం నిల్వ చేస్తున్నారో, ప్రమాదమైతే ఏం చెయ్యాలో జనానికి ముందే చెప్పాలని 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు చెబుతున్నాయి. కాలనీ సంఘం తరఫున లిఖితపూర్వకంగా అడగండి. అధికారులు చెప్పేదాకా ఇంటికి తిరిగి రావద్దు. వచ్చాక ముందు తలుపులన్నీ తెరిచి, మూతలేని నీళ్లు, అన్నం, కూరగాయలు పారబోసి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించండి.