ఇంగ్లీష్ పద్యాన్ని విశ్లేషించమని హోంవర్క్ ఇస్తే గైడు చూసి రాయించవచ్చా?

"మా వాడు తొమ్మిదో తరగతి. ఇంగ్లీష్ పద్యాన్ని విశ్లేషించమంటున్నారు, మాకా భాష అంతంతమాత్రం, గైడులో చూసి రాయించనా?" అని అడిగారు. వద్దండీ. మీరు తెలుగు మీడియంలో చదువుకుని ఉంటే సగం పని మీకు ముందే వచ్చు.

మాది కోవూరు దగ్గర పల్లె. రెండేళ్ల కిందట మా పాపకి ఇంగ్లీష్ కవి వర్డ్స్‌వర్త్ డాఫొడిల్స్ పూల మీద రాసిన పద్యం ఇచ్చారు. మొదటి పాదంలోనే కవి తనను ఒంటరి మేఘంతో పోల్చుకుంటాడు. "ఇందులో సిమిలీ ఉంది" అని ఒక్క ముక్క రాసి నోట్సు మూసేసింది. సిమిలీ అంటే మన ఉపమాలంకారమే. ఉపమాలంకారానికి ఎన్ని భాగాలని అడిగితే గడగడా చెప్పేసింది: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. అవే ఇక్కడ వెతకమన్నాను. కవి ఉపమేయం, మేఘం ఉపమానం, 'యాజ్' ఉపమావాచకం. సమానధర్మం, అంటే ఆ రెండిట్లోనూ ఉన్న పోలిక, దగ్గర ఆగిపోయింది. "మేఘానికి ఒంటరితనం ఏంది నాన్నా?"

అప్పుడు నాకు తెలిసిన సంగతి చెప్పాను. 1802 ఏప్రిల్‌లో కవి ఆ పూలు చూసినప్పుడు పక్కన చెల్లెలు డొరొతీ ఉంది. ఆమె డైరీలోనూ ఆ పూల గురించి రాసుకుంది. పద్యం అచ్చయింది 1807లో. పాపకి కోపం వచ్చింది. "మరి ఒంటరిగా తిరిగానని అబద్ధం ఎందుకు రాశాడు?" రాత్రి అన్నం తినేదాకా అదే గొడవ. చివరికి తనే రాసింది: మేఘం అన్నిటికీ పైనుంచి పోతుంది, దేన్నీ తాకదు, కవి మనసూ పూలు కనబడేదాకా అట్లానే ఉంది, అందుకే చెల్లెల్ని వదిలేశాడు అని. విశ్లేషణ అంటే ఇదే.

డాఫొడిల్ పువ్వు మా ఇంట్లో ఎవరమూ చూడలేదు. తలలూపుతూ ఆడే పూలంటే ఏమిటో, ఈనిన వరి మీద గాలి తోలినప్పుడు చేలో నిలబెట్టి చూపించాను.

ఆ జవాబుకి అయిదుకి రెండు మార్కులు వేసి, గైడులో ఉన్నట్టు రాయమన్నారు. నేను బడికి వెళ్లి మాట్లాడాను. టీచరమ్మ ముందు నోటుబుక్కుల గుట్ట ఉంది, ఆమెను తప్పుపట్టలేను. కానీ తెలుగు పీరియడ్‌లో ఉపమ, తర్వాతి పీరియడ్‌లో సిమిలీ చెబుతూ, రెండూ ఒకటేనని పిల్లలకు ఎవరూ చెప్పకపోవడం నాకు చాలా బాధ. తిక్కన పదిహేను పర్వాల భారతం రాసిన నెల్లూరిలో పిల్లలు అలంకారాలను మార్కుల కోసం బట్టీపట్టి మర్చిపోతున్నారు. ఆ గైడుల్లో ఏ పద్యానికైనా ఒకటే జవాబు: కవి ప్రకృతిని అందంగా వర్ణించాడు. ఆ వాక్యం రాయడానికి పద్యం చదవక్కర్లేదు.

మీ వాడితో తెలుగులోనే మాట్లాడండి. ఈ మాటే ఎందుకు వేశాడు, దీని బదులు ఇంకోటి వేస్తే ఏం పోతుంది అని అడగండి. ఇంగ్లీష్‌లో రాయడం తర్వాత, తప్పులున్నా పర్లేదు. వాడికి ఏ పద్యం ఇచ్చారో చెప్పండి, మొదటి రెండు పాదాలు కలిసి చూద్దాం.