బెంగళూరులో ఇరవైమందిమి ఫుట్‌బాల్ మొదలుపెడదామనుకుంటున్నాం, జట్టుకి ఎంతమందితో ఆడితే మంచిది?

వాట్సాప్ పోల్‌లో ఇరవైమంది సరేనన్నారు, ఏడుగురి ఆటా, పెద్ద గ్రౌండ్ తీసుకుని పదకొండు మంది ఆటా అని అడిగారు. ముందు ఆ ఇరవైలోంచి ఆరుగుర్ని కొట్టేయండి. శుక్రవారం రాత్రి బొటనవేలు చూపించినవాడు ఆదివారం పొద్దున ఆరింటికి ఫోనెత్తడు. ఎత్తినా "సిల్క్‌బోర్డు దగ్గరున్నా అన్నా, వచ్చేస్తున్నా" అంటాడు, వెనకాల వాళ్ళింట్లో మిక్సీ తిరుగుతుంటుంది.

నేను ఆరేళ్ళుగా మారతహళ్ళి, బెళ్ళందూరు వైపు ఆడుతున్నాను. ఆడుతున్నాననడం కంటే డబ్బులు వసూలు చేస్తున్నాననడం సరిగ్గా ఉంటుంది. ఆ అనుభవంతో చెప్తున్నా, మీరడిగిన రెండూ వద్దు. ఐదుగురి ఆట ఆడండి.

మేమూ మొదట్లో "ఆడితే అసలైన ఫుట్‌బాలే ఆడాలి" అన్నవాళ్ళమే. కంఠీరవ స్టేడియంలో బెంగళూరు ఎఫ్‌సీ మ్యాచ్ చూసొచ్చిన ఉత్సాహం అది. సర్జాపుర రోడ్డు దాటాక ఎక్కడో మట్టి గ్రౌండ్ మాట్లాడాం. ఇరవై రెండు పేర్లు రాసుకున్నాం, పదిహేడు మంది వచ్చారు. ఇటు తొమ్మిది, అటు ఎనిమిది.

మా గుంపులో అనంతపురం ఆయన ఒకాయన ఉన్నారు. అప్పటికే నలభై మూడేళ్ళు, అందరం మామా అంటాం. ఆ రోజు మోకాలికి పట్టీ, కాళ్ళకి మెరిసిపోతున్న కొత్త స్టడ్స్, అంటే అడుగున మొనలుండే బూట్లు. పరుగు తక్కువుంటుంది కదా అని వెనకాల కుడివైపు నిలబెట్టాం. నేను గోల్‌కీపర్‌ని. ఇరవై నిమిషాలు బంతి మా వైపే రాలేదు. ఎదురుగా ఎక్కడో దుమ్ము లేస్తోంది, అరుపులు వినిపిస్తున్నాయి, అంతే. కాసేపటికి పక్కన పటపటమని చప్పుడు. తిరిగి చూస్తే మామ గోల్‌పోస్టుకి ఆనుకుని కూర్చుని, జేబులోంచి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తీసి ఒలుచుకుంటున్నారు.

"మామా, ఆటలో ఉన్నావు!"

"ఆట ఆడ కదరా జరుగుతాండేది. ఈడికొస్తే చెప్పు, లేస్తా."

వచ్చింది. లేచారు. కాలు విసిరారు. బంతి మా గోల్ లైన్ వెనక్కే పోయింది, అవతలివాళ్ళకి కార్నర్, అంటే మూల నుంచి తన్నే అవకాశం. ఆ పూటంతా మామ బంతిని తాకింది ఆ ఒక్కసారే. ముందు వరసలో ఆడిన కుర్రాడైతే అరగంట కూడా కాకుండానే తిన్న ఇడ్లీలు గట్టున కక్కేశాడు. గ్రౌండ్ చూసుకునే కుర్రాడు మమ్మల్ని అదోలా చూసి, "సార్, నిమగె ఇష్టు దొడ్డ గ్రౌండ్ యాకె?" అన్నాడు, మీకింత పెద్ద గ్రౌండ్ ఎందుకని. వాడిది అల్సూరు దగ్గర గౌతమపుర, పెలేకి విగ్రహం పెట్టుకున్న పేట. అక్కడి పిల్లలు ఇరుకు జాగాల్లో ఆడి ఆట నేర్చుకున్నవాళ్ళు. వాడి మాటకి మా దగ్గర జవాబు లేదు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిన యవ్వారం మాది.

ఇంటికెళ్ళి లెక్క వేశాను. అంతర్జాతీయ మ్యాచ్‌లకు మామూలుగా వాడే గ్రౌండ్ 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. ఇరవై రెండు మందికి పంచితే తలా 388 గజాలు. హాయిగా ఇల్లు కట్టుకోవచ్చు. ఫుట్‌సాల్ కోర్టు, అంటే ఐదుగురేసి ఆడే చిన్న ఫుట్‌బాల్ కోర్టు, 40 బై 20 మీటర్లు, పదిమందికి తలా 96 గజాలు కూడా రావు. ఇక వద్దన్నా బంతి మీ కాలి దగ్గరికే వస్తుంది.

ఏడుగురి ఆట చెడ్డదని కాదు. కానీ దానికి పద్నాలుగు మంది కచ్చితంగా రావాలి. పదకొండు మంది వచ్చిన రోజున పెద్ద టర్ఫ్‌కి, అంటే అద్దెకిచ్చే ప్లాస్టిక్ గడ్డి గ్రౌండ్‌కి, డబ్బు కట్టి ఎండలో రొప్పడమే మిగులుతుంది. ఐదుగురి ఆటైతే పదిమంది వచ్చినా నడుస్తుంది, పదిహేను మంది వచ్చినా నడుస్తుంది. మేం మూడు జట్లు చేస్తాం. ముందు రెండు గోల్స్ కొట్టిన జట్టు లోపలే ఉంటుంది, ఓడినవాళ్ళు బయటికి. ఎనిమిది నిమిషాల్లో తేలకపోతే ఎక్కువసేపు ఆడిన జట్టు బయటికి. ఒకడు తక్కువైతే ఓడిన జట్టులోంచి అప్పు తీసుకుంటాం. ముప్పై ఐదు దాటినవాళ్ళకి ఆ ఎనిమిది నిమిషాల విరామమే ప్రాణం. గంటకి 1,600, రెండు గంటలకి 3,200, పదిహేను మందికి తలా 215 లోపే. అదీ మూడుసార్లు అడిగితే గానీ ఇవ్వరు. రెండు లక్షల జీతగాడు "అన్నా, యూపీఐ పనిచేయట్లేదు" అంటాడు. మరి ఆ పూట దోసెకి ఎలా కట్టాడో!

గోల్‌కీపర్‌ని శాశ్వతంగా పెట్టకండి. పెడితే ప్రతి వారం లావుగా ఉన్నవాణ్ణో, కొత్తగా వచ్చినవాణ్ణో తోస్తారు, మూడో వారానికి వాడు మానేస్తాడు. గోల్ పడితే కీపర్ మారాలి, అంతే. స్లైడింగ్ టాకిల్, అంటే నేలమీద జారుతూ వచ్చి బంతిని తన్నడం, ఎవరు వేసినా ఆపేయండి, టర్ఫ్ మీద మోకాలు దోక్కుపోతే వారం రోజులు ప్యాంటు అంటుకుంటుంది. పొడుగు స్టడ్స్ కూడా వద్దు, పాదం పట్టేసి మోకాలు తిరుగుతుంది. ఇంకో రకం మనుషులుంటారు. రాత్రంతా ప్రీమియర్ లీగ్ చూసొచ్చి ఈ చిన్న టర్ఫ్‌లో "ఆఫ్‌సైడ్!" అని చెయ్యెత్తుతారు, బంతి రాకముందే అవతలి జట్టు వెనక వరసని దాటి గోల్ దగ్గర కాచుకున్నాడని. 1930లో ఉరుగ్వేలోని మాంటెవిడియోలో పుట్టిన ఫుట్‌సాల్‌కి ఈ రోజుకీ ఆఫ్‌సైడ్ లేదు. బంతి పక్క గీత దాటితే చేత్తో విసరడం కూడా లేదు, నాలుగు సెకన్లలో కాలితో లోపలికి తన్నాలి. మా దగ్గర నలభై సెకన్లు తగువు, తర్వాత తన్నడం.

మామ ఇప్పుడు ఒక్క ఆదివారం కూడా మానరు. ఊళ్ళో కబడ్డీ ఆడిన కాళ్ళు కదా, ఇరుకులో ఎవరికీ దొరకరు. దగ్గర్నుంచి కాలి బొటనవేలితో బంతిని పొడుస్తారు, బంతి ఎటు పోతుందో ఆయనకే తెలియదు, కీపర్‌కేం తెలుస్తుంది! వేరుశనక్కాయలు బయట కూర్చున్న జట్టుకి.

బంతులు మాత్రం రెండు కొనండి. మాది ఒకటి ఎనిమిది నెలలుగా పక్క అపార్ట్‌మెంటు మూడో అంతస్తు బాల్కనీలో ఉంది. ఆ ఇంటి పెద్దావిడ ఇవ్వనంటోంది.