లారీ ట్రైనింగ్ బాండు సంగతి సరే, ముందు ఆ ఖాళీ చెక్కులు ఇవ్వకండి

కావలి దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి అడిగారు. అబ్బాయికి ఇరవై నిండాయి, ఇంటర్‌తో చదువు ఆపేశాడు, కారు లైసెన్సు తీసుకుని ఎనిమిది నెలలైంది. నెల్లూరులో ఒక ట్రాన్స్‌పోర్టు ఓనరు హెవీ లైసెన్సు ఖర్చు నేనే పెట్టుకుంటాను, ట్రైనింగ్ ఇప్పిస్తాను, తిండీ గదీ నావే, లైసెన్సు వచ్చేదాకా క్లీనర్ జీతం, తర్వాత డ్రైవర్ జీతం అన్నాడట. దానికి మూడేళ్ల బాండు రాయాలి, మధ్యలో మానేస్తే రెండు లక్షలు కట్టాలి, పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్టూ లైసెన్సూ ఓనరు దగ్గరే ఉంటాయి, తండ్రి జామీను సంతకం చేసి రెండు ఖాళీ చెక్కులు ఇవ్వాలి. "మూడేళ్లంటే భయంగా ఉంది, సంతకం పెట్టమంటారా వద్దంటారా" అన్నది ఆయన ప్రశ్న.

అయ్యా, మూడేళ్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ చెక్కులు ఇవ్వకండి, ప్రోనోటు అడిగినా అంతే, ఖాళీ కాగితం దేనిమీదా సంతకం వద్దు.

ఎందుకో చెబుతాను. బాండు మాత్రమే ఉంటే, మీ వాడు మానేసిన రోజున ఓనరు కోర్టుకెళ్లి దావా వేయాలి, తనకు నిజంగా ఎంత నష్టం వచ్చిందో చెప్పుకోవాలి. 1872 కాంట్రాక్టు చట్టంలో 74వ సెక్షన్ ప్రకారం కాగితం మీద రెండు లక్షలని రాసుకున్నంత మాత్రాన రెండు లక్షలూ రావు, ఆ మొత్తానికి లోబడి కోర్టుకు న్యాయం అనిపించినంతే ఇప్పిస్తుంది. చెక్కు అలా కాదు. బౌన్స్ అయితే చెక్కుల చట్టం (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్టు) 138వ సెక్షన్ కింద కేసు, రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, పైగా అప్పు లేదని నిరూపించుకోవాల్సిన బరువు చెక్కు ఇచ్చిన మీ మీదే పడుతుంది. "సంతకం నాదే గానీ అంకెలు వాళ్లు రాసుకున్నారు" అంటే సరిపోదు, సంతకం చేసిచ్చిన ఖాళీ చెక్కును వేరేవాళ్లు నింపినా ఇదే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. అంటే బాండులో రెండు లక్షలే ఉన్నా చెక్కులో ఐదు లక్షలు రాసుకోవడానికి మీరే దారి ఇచ్చినట్టు.

ఇంకొకటి, మీ అబ్బాయి మేజర్. వాడి ఉద్యోగానికి వాడు సంతకం పెడితే చాలు, మీ జామీను ఎందుకు? జామీను పెట్టారంటే వాడు మానేసిన రోజున ఓనరు నేరుగా మీ మీదికి, మీ పొలం మీదికి రావచ్చు. చెక్కూ జామీనూ లేకుండా కుదరదు అంటే ఆ కొలువు వదిలేసుకోండి. నా సలహాలో దీనికి మాత్రం మినహాయింపు లేదు.

ఇక బాండు. మన వైపు చాలామంది "బాండులు కోర్టులో చెల్లవులే, సంతకం పెట్టేయ్" అని ధైర్యం చెబుతుంటారు, వాళ్ల మాట వినకండి. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక బ్యాంకు ఉద్యోగి కేసులో మూడేళ్ల లోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. అది ఆఫీసరు ఉద్యోగం, క్లీనర్ జీతం మీద చేరే కుర్రాడికి అదే లెక్క వేయకూడదు, కానీ బాండు అన్నమాటతోనే కాగితం చెల్లకుండా పోదు. చెల్లనిది ఏమిటంటే, "మానేశాక రెండేళ్లు ఇంకో ట్రాన్స్‌పోర్టులో చేరకూడదు" లాంటి రాత. అదే కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం మనిషి బతుకుతెరువుకు అలా అడ్డం పెట్టడం కుదరదు, ఆ లైను ఉంటే కొట్టేయించండి.

నన్నడిగితే ట్రైనింగ్‌కి డబ్బు పెట్టిన ఓనరు కొంతకాలం పనిచేయమనడం తప్పు కాదు. లైసెన్సు చేతికి రాగానే పక్క ఆఫీసులో వెయ్యి ఎక్కువిస్తారని పోతే అతని డబ్బు పోయినట్టే కదా. అయితే ఆ డబ్బు ఎంత? డ్రైవింగ్ స్కూలు ఫీజు, ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్లకిచ్చే లెర్నర్ లైసెన్సు), టెస్టు ఫీజులు, మెడికల్ సర్టిఫికెట్టు, ఇవన్నీ రసీదులతో కలిపితే ఎంతవుతుందో అంతే బాండులో ఉండాలి, అది నెలనెలా తగ్గుతూ పోవాలి. మాటవరసకు ఓనరు పెట్టింది ముప్పై ఆరు వేలు, గడువు పద్దెనిమిది నెలలు అనుకుందాం, నెలకు రెండు వేల చొప్పున తగ్గాలి, పది నెలలు చేసి మానేస్తే కట్టాల్సింది పదహారు వేలు. రెండు సంవత్సరాల పదకొండు నెలలు పనిచేసి ఆఖరి నెలలో మానేసినా రెండు లక్షలూ కట్టమనేది ట్రైనింగ్ ఖర్చు రాబట్టుకోవడం కాదు, కుర్రాణ్ని కట్టేసుకోవడం.

గడువు ఏ రోజు నుంచి మొదలవుతుందో కూడా చూడండి, చాలా కాగితాల్లో మెలిక ఇక్కడే ఉంటుంది. చేరిన రోజు నుంచా, స్టీరింగ్ పట్టిన రోజు నుంచా? క్లీనర్‌గా చేసిన నెలలు లెక్కలోకి రాకపోతే, ఓనరు లైసెన్సు పని నానుస్తూ పోయే కొద్దీ మీ మూడేళ్లు నాలుగవుతాయి. ఓనరే తీసేసినా, జీతం ఇవ్వక పోయినా, చెప్పిన టైముకు లైసెన్సు ఇప్పించక పోయినా ఏమీ కట్టనక్కర్లేదని కూడా రాయించండి.

మీ వాడి లైసెన్సు తేదీ ఒకసారి తీసి చూడండి. కారు లైసెన్సు వచ్చి ఏడాది నిండితే గానీ హెవీకి ఎల్ఎల్ఆర్ ఇవ్వరు, ఎల్ఎల్ఆర్ వచ్చాక నెల ఆగాలి, డ్రైవింగ్ స్కూలు సర్టిఫికెట్టు ఉండాలి. అంటే ఇంకా నాలుగు నెలలు ఆ ఓనరు ఎంత పలుకుబడి ఉన్నవాడైనా ట్రైనింగ్ మొదలుపెట్టలేడు. ఆ నాలుగు నెలలూ మీ వాడు క్లీనర్. నాకు టెన్షన్ అంతా ఈ నాలుగు నెలల గురించే. రాత్రి ఒంగోలు దాటాక డ్రైవరుకు నిద్ర ముంచుకొస్తుంది, హైవే ఖాళీగా ఉంది, గంటసేపు పట్టుకోరా అంటాడు, కుర్రాడికి సరదా, పట్టుకుంటాడు. ఏదైనా జరిగితే లైసెన్సు లేకుండా లారీ నడిపిన కేసు వాడిది, నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన కేసు వాడిది, దానికి ఐదేళ్ల దాకా శిక్ష. ఇన్సూరెన్సు కంపెనీ కూడా లైసెన్సు లేదని పేచీ పెడుతుంది. వాడికి ఈ మాట మీరే గట్టిగా చెప్పండి, డ్రైవరు తిట్టినా సరే హెవీ లైసెన్సు వచ్చేదాకా రోడ్డు మీద స్టీరింగ్ ముట్టుకోవద్దని.

ట్రైనింగ్ అంటే ఏం నేర్పుతారో కూడా అడగండి. రూల్సు ప్రకారం హెవీకి తక్కువలో తక్కువ ముప్పై రోజులు, అందులో బండి నడపడం పదిహేను గంటలు. అది లైసెన్సుకు సరిపోతుందేమో గానీ పనికి చాలదు. కృష్ణపట్నం పోర్టు యార్డులో ట్రెయిలర్‌ని వెనక్కి పెట్టాలంటే స్టీరింగ్ ఒకవైపు తిప్పితే ట్రెయిలర్ తోక రెండోవైపు పోతుంది, పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పేవాడు లేకపోతే అది చేతికి రాదు. చీమకుర్తి నుంచి గ్రానైట్ బ్లాకు ఎత్తితే కింద చెక్క దిమ్మలు ఎలా పెట్టాలి, చైను ఎక్కడ బిగించాలి, కొంతదూరం పోయాక ఆపి చైను వదులైందేమో ఎందుకు చూడాలి, ఇవన్నీ సీనియర్ డ్రైవరు దగ్గరే వస్తాయి. ఏ బండి మీద, ఏ డ్రైవరు పక్కన, ఎన్ని నెలలు అని అడిగితే ఓనరు ఆ డ్రైవరు పేరుతో సహా చెప్పగలగాలి. "అదే వస్తుందిలే" అన్నాడంటే అతనికి కావలసింది క్లీనర్ మాత్రమే.

కాగితంలో కోతల పేరా ఉంటుంది, డీజిల్ షార్టేజి, టైరు, సరుకు డ్యామేజి, చలాన్లు. ఓవర్‌లోడు ఎక్కించేది ఓనరు, చలానా కట్టేది డ్రైవరు అయితే నెలాఖరుకు మీ వాడికి బత్తా తప్ప ఏమీ మిగలదు. ఓవర్‌లోడుకు 2019 సవరణ తర్వాత జరిమానా ఇరవై వేలు, ఆ పైన అదనపు టన్నుకు రెండు వేలు, అది డ్రైవరు జీతంలో కోయకూడదని రాయించండి. డ్యామేజికి కోయాలన్నా వాడి తప్పని తేల్చాలి, వాడు చెప్పేది వినాలి, ఏ నెలా కోతలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు. పనిలో దెబ్బ తగిలితే మాకు సంబంధం లేదని రాసుకున్నా చెల్లదు, పరిహారం ఇవ్వాల్సింది ఓనరే. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం అపాయింట్‌మెంట్ లెటర్ కూడా ఇవ్వాలి, జీతం ఎంతో అందులో ఉండాలి.

లైసెన్సు కార్డు మీ వాడి జేబులోనే ఉండాలి. సర్టిఫికెట్లు కావాలంటే జిరాక్సులిచ్చి ఒరిజినల్ ఒకసారి చూపించి తెచ్చుకోండి. ఇంటి అవసరానికి ఓనరు దగ్గర అడ్వాన్సు మాత్రం తీసుకోకండి, అది తీరేదాకా కదలడానికి లేదంటారు. అలా అప్పు చూపించి మనిషిని పనిలో కట్టిపడేయడం 1976 నాటి వెట్టిచాకిరీ నిషేధ చట్టం ప్రకారం నేరం, కలెక్టరుకో ఆర్డీవోకో ఫిర్యాదు చేయవచ్చు, కానీ అందాకా వెళ్లే పరిస్థితి మనకెందుకు.

అసలు నా మాటగా చెప్పాలంటే, ఆ ఫీజు మీరే ఎలాగోలా సర్దగలిగితే సర్దండి. ఈ నాలుగు నెలలు వాడు కావలిలోనే ఏదో పని చేసుకుని కొంత కూడబెడితే డ్రైవింగ్ స్కూలులో సొంతంగా చేరవచ్చు, ఆర్టీసీ కూడా కొన్ని డిపోల్లో హెవీ డ్రైవింగ్ నేర్పుతోంది, మీ డిపోలో అడిగి చూడండి. లైసెన్సు సొంత డబ్బుతో వస్తే ఏ బాండూ అక్కర్లేదు, నెల్లూరులో ఏ ఆఫీసుకైనా వెళ్లి జీతం మాట్లాడుకోవచ్చు.

అది కుదరదు, ఈ ఓనరు దగ్గరే చేరాలి అనుకుంటే తొందరేమీ లేదు, ఎలాగూ నాలుగు నెలలుంది. బాండు ముసాయిదా ఇవ్వమనండి, ఇంటికి తెచ్చి తీరిగ్గా చదవండి, ఫోటో తీసి నాకు పంపినా చూసి చెబుతాను. ఇంటికి ఇవ్వం, ఇక్కడే కూర్చుని సంతకం పెట్టాలంటే మీ వాణ్ని తీసుకుని వచ్చేయండి.